బేర్, బోర్, బోర్న్

అప్పట్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఇప్పుడు అంత రాదు. ఈ మాట అంటే మా స్టాఫ్‌రూములో కొత్తగా చేరిన టీచర్లు నేనేదో వినయం ఒలకబోస్తున్నానని నవ్వుతారు గానీ, ఒట్టు, నిజం. ఇరవై మూడేళ్ళప్పుడు, బి.ఇడి. పట్టా మీద లామినేషన్ ఇంకా చల్లారకముందు, ఆ భాషలో నాకు తెలియనిది ఏదైనా ఉందని ఎవరన్నా అంటే వాళ్ళ వైపు జాలిగా చూసేదాన్ని. విజయనగరం దగ్గర పల్లెలో, గోగూ వేరుశనగా వేసుకుని బతికే ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మా నాన్న బస్సెక్కితే కిటికీ మీద ఉన్న రెండు ఇంగ్లీషు ముక్కలు కూడా నాచేత పైకి చదివించుకుని, పక్కసీటాయన విన్నాడో లేదో ఓరగా చూసేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినదానికి కళ్ళు నెత్తికెక్కడంలో వింతేముంది?

మొదటి ఉద్యోగం అరకు అవతల కొండల్లో, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో, కాంట్రాక్టు మీద. అరకు అనగానే మా బంధువులందరూ "అదృష్టవంతురాలివే, అద్దాల రైలు, కాఫీ తోటలు, పసుప్పచ్చటి వలిసె పూలు" అన్నారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. అయితే నాకిచ్చిన బడి ఆ పూలు దాటి, జీపు రోడ్డు దాదాపు అయిపోయిన చోట ఉంది. దాని పైన కొండ మీద ఉన్న గూడేలకి రోడ్డే లేదు, కాలిబాట మాత్రమే. ఫోను సిగ్నల్ బడి వెనకాల ఒకే ఒక్క బండ మీద దొరికేది (దాన్ని మేం టవర్ అనేవాళ్ళం). మా అమ్మ చెప్పే పెళ్ళి సంబంధాలూ, డిపార్టుమెంటు వాట్సాప్ ఆర్డర్లూ అన్నీ ఆ బండ మీద గొడుగేసుకుని నిలబడి వినాల్సిందే.

బడిలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మా హెచ్చెమ్ గారు, నెమ్మదైన మనిషి. కప్పు కారుతోందన్నా, బియ్యంలో పురుగులున్నాయన్నా "ఒక కాయితం రాసి పెట్టండి మేడమ్" అనేవారు. రెండోది వంటామె. పిల్లలందరూ పెద్దమ్మా అంటారు కాబట్టి నేనూ పెద్దమ్మా అనేదాన్ని. పై గూడెం ఆవిడది. నా గురించి ఆవిడకి ఒక స్థిరమైన అభిప్రాయం ఉండేది: "ఈ మేడమ్మకి ఇంగిలీసు ఒచ్చు, ఎసరు పెట్టడం రాదు." రెండో సగం నేను ఒప్పుకునేదాన్ని.

ఆ ఏడు వానాకాలంలో పెద్దాఫీసరు గారు మా బడి చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కో మోడల్ పాఠం సిద్ధం చేసుకోమన్నారు హెచ్చెమ్ గారు. నేను క్రియాపదాలు చెప్తానన్నాను. గో, కమ్, ఈట్ లాంటివి నా స్థాయికి తగవనిపించింది. బి.ఇడి. కాలేజీలో మాకొక మాస్టారుండేవారు, నిఘంటువు గారని పిలుచుకునేవాళ్ళం, ఆయన ఒకసారి గంట సేపు ఒక్క మాట గురించి చెప్పారు. బేర్. చూడ్డానికి నాలుగక్షరాలు. బరువు మోస్తే బేర్, నొప్పి ఓర్చుకుంటే బేర్, చెట్టు కాయలు కాస్తే బేర్, తల్లి బిడ్డని కంటే బేర్. వెనకటి ఇంగ్లీషులో దాన్ని బెరన్ అనేవారట, అసలర్థం మోయడమే. కడుపున మోసేది గనక కనడం కూడా అదే అయింది, గుండెల్లో మోసేది గనక ఓర్చుకోవడం కూడా అదే అయింది. బర్త్ అన్న మాటా, బర్డెన్ అన్న మాటా ఆ ఇంటి పిల్లలే. ఆఖరికి శవాన్ని మోసే పాడెకి వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా అందులోంచే వచ్చిందట (పలికితే సీసాల్లో అమ్మే బీరులా ఉంటుంది, అది వేరు). ఇంకా విడ్డూరం, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న భారం, భరించడం దానికి దూరపు చుట్టాలట. ఆ రోజు ఆ గంటంతా నోరు తెరుచుకుని విన్నాను. ఆఫీసరు గారు కూడా అలాగే నోరు తెరుచుకుని వింటారని ఊహించుకున్నాను.

రెండు రోజుల ముందు ఎనిమిదో తరగతిలో రిహార్సల్ వేశాను. బోర్డు మీద బేర్ అని పెద్దగా రాసి, అర్థమేమిటని అడిగాను. "ఎలుగుబంటి!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. వెనక బెంచీల వాళ్ళు వాళ్ళింటి మాటలో "భాలు, భాలు!" అని నవ్వారు. ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. వాళ్ళ తాత విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కొయ్యడానికి వెళ్తే ఎలుగు ఒక చెంప తీసేసిందని తర్వాత తెలిసింది. ఆ ఎలుగుబంటికీ ఈ క్రియకీ చుట్టరికం లేదని, అదేదో గోధుమరంగు అన్న మాటలోంచి పుట్టిందని నేను ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ వినలేదు. సరే, భూతకాలం చెప్తే దారికొస్తారని పక్కన బోర్ అని రాశాను. అందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. వాకిట్లో రెండు నెలలుగా నీళ్ళు రాని చేతిబోరు ఉంది. ఒకమ్మాయి చాలా మర్యాదగా లేచి నిలబడి, "అయితే మేడమ్, ఇవాళ ఎలుగుబంటయితే, నిన్న బోరా?" అని అడిగింది.

నేను చలించలేదు. మూడో రూపానికి వెళ్ళిపోయాను. బోర్న్‌లు రెండు. చివర ఇ అక్షరం ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. తల్లి వైపు నుంచి చెప్తే ఇ ఉంటుంది, ఆవిడ మోసింది, కన్నది. బిడ్డ వైపు నుంచి చెప్తే ఇ ఉండదు, పుట్టింది. అప్పుడు ముందు వాజ్ తప్పనిసరి. "వాజ్ లేకుండా ఒట్టి బోర్న్ రాశారో, మార్కు కోసేస్తాను," అని ఎర్రపెన్ను గాల్లో ఊపాను. పిల్లలందరూ కోరస్‌గా "వాజ్ బోర్న్, పుట్టింది! వాజ్ బోర్న్, పుట్టింది!" అని పాడుతుంటే వంటింట్లోంచి పెద్దమ్మ గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"ఏటమ్మా, పొద్దున్నించీ పుట్టింది పుట్టింది అంటన్నారు, ఎవులికి పుట్టింది? మా కోడలికే నెల నిండిపోయినాది, ఇంకా కాలేదు."

అది పాఠమని చెప్పాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? "ఇంగ్లీషులో మొయ్యడం, కనడం, భరించడం, మూడూ ఒకటే మాట పెద్దమ్మా, వింతగా లేదూ?" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "ఒకటి కాకపోతే మరేటి?" అని పప్పు మాడుతోందంటూ వెళ్ళిపోయింది. నాకు కొంచెం చిన్నతనమనిపించింది. ఆవిడకి భాషాశాస్త్రం తెలియదులే అని సరిపెట్టుకున్నాను.

ఆఫీసరు గారు రావలసిన రోజుకి ముందు మూడు రోజులూ ఎడతెరిపి లేని వాన. నేను మాత్రం గంజిపెట్టిన చీర కట్టుకుని, చార్టు తగిలించుకుని, తొమ్మిదింటికల్లా సిద్ధం. పది దాటాక కారు చప్పుడు వినపడలేదు గానీ, పై గూడెం బాటలోంచి మనుషుల అరుపులు వినపడ్డాయి. నలుగురు మగవాళ్ళు డోలీ తెస్తున్నారు. వెదురు బొంగుకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు, అలిసిపోతే మిగతా ఇద్దరూ అందుకుంటారు. దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి బొంగుని పట్టుకుని ఉంది. పెద్దమ్మ కోడలు. తెల్లవారుజాము నుంచి నొప్పులట, రక్తం పోతోందట. ముందు మోస్తున్నవాడు ఆమె మొగుడు, అంటే పెద్దమ్మ కొడుకు.

హెచ్చెమ్ గారు టవర్ బండెక్కి అంబులెన్సుకి ఫోన్ చేశారు. కింద కల్వర్టు కోసుకుపోయిందని, బండి దానికి అవతలే ఆగుతుందని, అక్కడి దాకా మీరే తేవాలని చెప్పారట. అయిదు కిలోమీటర్లు. ఆయన ఆ రోజు కాయితం రాసి పెట్టమనలేదు. నా వైపు తిరిగి, "మేడమ్, మీరూ వెళ్ళండి. ఆసుపత్రిలో రిజిస్టర్లూ ఫారాలూ అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. వాళ్ళకి ఒక్క ముక్క రాదు, మీరుంటే ధైర్యం," అన్నారు. అంతమంది ముందు ఆ మాట వినగానే, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ వానలో ఆ మనిషి మూలుగుతుండగా కూడా నాకు లోపల్లోపల గర్వంగా అనిపించింది.

దారంతా జారుడు. పెద్దమ్మ డోలీ పక్కనే, ఒక అరచెయ్యి కోడలి కడుపు మీద వేసి నడుస్తోంది. రెండో వాగు దగ్గర కోడలు ఏదో గొణిగింది, పెద్దమ్మ వంగి ఏదో చెప్పింది, నాకు వినపడలేదు. వెంటనే తలెత్తి "బేగి, బేగి నడవండ్రా, ఏటా నత్తనడక!" అని మగవాళ్ళ మీద కేకలేసింది. ఆ అదిలింపుకి వాళ్ళు నిజంగానే పరుగందుకున్నారు. ఇంకాస్త దూరం పోయాక వెనక మోస్తున్నవాడి కాలు బెణికింది. మారవలసినవాళ్ళిద్దరూ బాగా ముందు నడుస్తూ దారి చూస్తున్నారు. ఖాళీగా ఉన్నది నేనే. చీర బిగించి బొంగు కిందకి భుజం పెట్టాను. జీవితంలో అంత బరువు ఎప్పుడూ ఎత్తలేదు. నలభై అడుగులు వేసుంటాను. నా ఎత్తు తక్కువ, ముందున్న కొడుకు పొడగరి, దుప్పటి నా వైపు ఏటవాలుగా జారి ఆమె తల నా పొట్టకి తగులుతోంది. "తప్పుకో మేడమ్, తప్పుకో, నీ దగ్గర మనిసి జారిపోతన్నాది!" అని ఆ కుంటుతున్నవాడే నన్ను పక్కకి నెట్టి బొంగు అందుకున్నాడు. చార్టు మీద నేను నాలుగు రంగుల్లో రాసిన మొదటి అర్థం, మోయడం, నా వల్ల కాలేదన్నమాట.

కల్వర్టు దగ్గర మోకాళ్ళ పై దాకా నీళ్ళు. నలుగురూ బొంగుని తలల మీదికెత్తి దాటించారు. అంబులెన్సులో కోడలితో పాటు కొడుకూ, పెద్దమ్మా, నేనూ ఎక్కాం. ఆసుపత్రి చిన్నదే. ఆ రోజు టీకాల రోజు. వరండా నిండా తల్లులు, చంకల్లో పిల్లలు, సూది పడ్డ ప్రతివాడూ గుక్కపట్టి ఏడుపు. కోడల్ని లోపలికి తీసుకెళ్ళి తలుపేశారు. గంటకి పైనే గడిచింది. కొడుకు గోడవారగా కూలబడి అరిచేతుల్లో మొహం పెట్టుకున్నాడు. పెద్దమ్మ కూర్చోనే లేదు.

ఒకసారి సిస్టర్ చెమటలు కక్కుతూ బయటికొచ్చి, "మీరే కదా ఇంగ్లీషు టీచరు? పేరూ ఊరూ ఆధారూ ఇందులో నింపండి, నేను లోపల ఉండాలి," అని పెద్ద రిజిస్టరు నా చేతిలో పెట్టి మళ్ళీ తలుపేసుకుంది. హెచ్చెమ్ గారు చెప్పిన ఘడియ వచ్చింది. నింపాను, ముత్యాల్లాంటి అక్షరాలతో. వరసలో ఆఖరి గడి మాత్రం అప్పటికే ఎవరో హడావిడిగా నింపేశారు. రెండు మాటలు, మధ్య ఖాళీ. స్టిల్ బోర్న్.

స్టిల్ అంటే ఇంకా. బోర్న్ అంటే పుట్టింది. ఇంకా పుట్టింది? ఇదేం వాక్యం? క్రియ ముందు వాజ్ ఏది? ఆ మాట మా పాఠ్యపుస్తకాల్లో నేనెప్పుడూ చూడలేదు, కానీ తెలియని మాట అయివుంటుందన్న అనుమానం కూడా నాకు రాలేదు (నాకు తెలియని మాట ఉండటమేమిటి?). డాక్టర్లకి గ్రామర్ ఎక్కడ ఏడుస్తుందిలే అనుకుని, బ్యాగులోంచి ఎర్రపెన్ను తీసి, స్టిల్ కొట్టేసి, పైన శుభ్రంగా వాజ్ అని రాశాను. రాశాక అర్థం తలకెక్కింది. పుట్టింది! లేచి ఒక్క పరుగున వెళ్ళి పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకున్నాను.

"పెద్దమ్మా, పుట్టింది! కాయితంలో రాశారు, నేను చదివాను!"

ఆవిడ మొహం నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. చాలా చిన్న గొంతుతో, "ఏడిసినాదా?" అంది.

వరండాలో ఎవరి బిడ్డో గుక్కపట్టింది. "అదిగో, వినపడట్లేదా!" అన్నాను నేను. కొడుకు మొహం మీంచి చేతులు తీసి తలుపు వైపు చూశాడు.

తలుపు తెరుచుకుంది. సిస్టర్ ముందు కొడుకు దగ్గరికి వెళ్ళి, వంగి, తల్లికి ప్రాణగండం తప్పిందని, బిడ్డ దక్కలేదని చెప్పింది. కడుపులోనే పోయిందట, ఆడపిల్ల. తర్వాత రిజిస్టరు అందుకుంది. ఆఖరి గడి చూసింది. "ఎవరు కొట్టేశారిది?" నేను చెయ్యెత్తాను, క్లాసులో పిల్లల్లాగా. ఆవిడ కోప్పడలేదు. ఆ రోజు ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. "స్టిల్ అంటే ఇంకా అని కాదు మేడమ్. కదలకుండా ఉన్నది, నిశ్చలంగా అని. ప్రాణం లేకుండా పుట్టింది అని రాస్తాం అలాగ," అని, రిజిస్టరు నా ముందే పెట్టి, "సరిచేసి పక్కన సంతకం పెట్టండి," అంది. వాజ్ కొట్టేసి, కొట్టేసిన మాటే మళ్ళీ రాశాను. ఈసారి అక్షరాలు ముత్యాల్లా రాలేదు. సిరా మాత్రం ఎర్రదే.

పెద్దమ్మ వరండా చివర మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఆవిడే అంది: "నానెరుగుదును తల్లీ. రెండో వాగు కాడే తెలిసినాది. 'అత్తా, కదలట్నేదు' అన్నాది. 'పడుకున్నాదిలే, ఊసెత్తకు' అన్నాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్తే మోసీవోళ్ళ కాళ్ళు ఆగిపోవేటి? లేని బిడ్డ కోసం ఎవులు పరిగెడతారు? ఆళ్ళు నెమ్మదిత్తే ఈ కోడలు గుంట కూడా పోయీది."

సిస్టర్ తర్వాత చెప్పింది, ఇంకో అరగంట ఆలస్యమైతే తల్లి కూడా దక్కేది కాదని. అయిదు కిలోమీటర్లూ ఆవిడ ఆ సంగతి ఒక్కర్తే పెట్టుకుని, నలుగురు మగవాళ్ళని తిడుతూ నడిచింది. నేను అడగకుండా ఉండవలసింది, అడిగాను. "మరి నేనొచ్చి పుట్టిందని చెప్పినప్పుడు..."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు సదువుకున్నదానివి. కాయితం సూసి సెప్పినావు. నా సెయ్యే తప్పు సెప్పిందేమో అనుకున్నాను." కొంగు దోపుకుని, "ఒక్క సణం," అంది.

కోడల్ని ఆసుపత్రిలోనే ఉంచారు, పెద్దమ్మ దగ్గరుండిపోయింది. సాయంత్రం కాకముందే తండ్రి బిడ్డని కొత్త తువ్వాల్లో చుట్టి కొండకి తీసుకెళ్ళాడు. కల్వర్టు దగ్గర మిగతా ముగ్గురూ కాచుకుని ఉన్నారు. డోలీ అక్కర్లేదు, రెండు చేతుల్లో పట్టేంత. దారిలో ఒకరి తర్వాత ఒకరు "ఇలాగియ్యి, కాసేపు నాను పడతాను" అని అడిగారు. అతను ఎవరికీ ఇవ్వలేదు. నేను వెనకాల చెప్పులు చేతపట్టుకుని నడిచాను. బడికి చేరేసరికి హెచ్చెమ్ గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఆఫీసరు గారి పర్యటన వాయిదా పడిందని పొద్దున్న పదింటికే గ్రూపులో మెసేజ్ పెట్టారట, వాన వల్ల నెట్ రాక ఎవరికీ అందలేదు.

మర్నాడు క్లాసులో గో, వెంట్, గాన్ చెప్పాను. ఒక పిల్ల "ఆ ఇ అక్షరం సంగతి మళ్ళీ చెప్పరా మేడమ్" అంది. రేపు చెప్తానన్నాను. ఆ ఏడాదంతా ఆ రేపు రాలేదు. పెద్దమ్మ పదో రోజున వంటింట్లోకి తిరిగొచ్చింది. నాతో మాటల్లో ఏ తేడా లేదు. ఒకసారి మాత్రం నేను కళ్ళనీళ్ళు పెట్టుకోబోతే, "నీదేటి తప్పు, అది ఇంగిలీసు తప్పు," అని ఎసరులో బియ్యం పోసింది. ఆ తర్వాత నాకు అన్నం వండడం కూడా నేర్పింది. నాలుగేళ్ళకి నాకు రెగ్యులర్ పోస్టు వచ్చి సీతంపేట వైపు మారిపోయాను. పెద్దమ్మ అప్పుడప్పుడు టవర్ బండెక్కి ఫోన్ చేస్తుంది. కోడలికి తర్వాత ఒక పాప పుట్టింది, మొన్న జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. "ఎంత అల్లరో, మీ బళ్ళోనైతే రోజూ తన్నులే" అంటుంది మురిపెంగా. నేను అర్థం చేసుకున్న ప్రతి ఇంగ్లీషు మాటనీ ఇప్పుడు రెండోసారి నిఘంటువులో చూసుకుంటాను. అందుకే అన్నాను, నాకు అంతగా రాదని.

మొన్న పాత ఫోను పారేసే ముందు అందులో ఫోటోలు దించుకుంటుంటే ఒకటి బయటపడింది. ఆ పొద్దున్న తొమ్మిదింటికి, ఎవరూ రాకముందు, మా హెచ్చెమ్ గారు తీసింది. గంజిచీరలో కర్రలా నిటారుగా నిలబడి, చార్టు మీద వేలు పెట్టి, ముప్పై రెండు పళ్ళూ కనపడేలా నవ్వుతున్న అమ్మాయి. వెనక కిటికీలో వాన. చాలాసేపు చూశాను. నవ్వొచ్చింది. ఆ పిల్లని కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది గానీ, ఆ వయసులో తను వినే రకం కాదు. ముందు నా వాక్యంలో తప్పు వెతికేది.